సావిత్రి అమావాస్య చీర

మీరు మరిచిపోయారని కాదు, ఒకసారి చెప్పుకుంటే నాకే గుండె కుదుటపడుతుందని చెబుతున్నాను. మా ఝరణా సంగతి తెలిసిందే కదా. కడుపులోనే పోయిన బిడ్డ కోసం తను కుట్టి దాచుకున్న చొక్కాలన్నిటికీ కుట్లు విప్పేసింది. అక్కడితో ఆగలేదు. దిండు గలీబులు, అత్తగారి జాకెట్లు, మొగుడి చొక్కా చేతులు, చేతికి ఏది దొరికితే అది విప్పింది. పిచ్చిదని పేరు పెట్టి కేంద్రాపడాలో బస్సెక్కించి కటక్‌లో నా దగ్గరికి పంపేశారు. అల్లుడు గదాధర్ పూణేలో తన ప్లంబరు పనికి తను వెళ్ళిపోయాడు. విడాకులూ లేవు, కబురూ లేదు. చివరికి నిరాకార్ సాహు తన వెండి తీగపని కార్ఖానాలో దానికి చోటిచ్చాడు. అల్లే పని కాదు, విప్పే పని.

పోయిన వారం నేను ఆపిన చోట, తెల్లారితే సావిత్రి అమావాస్య అనగా, ఝరణా ఒక కొత్త చీర తెచ్చి మంచం మీద పెట్టింది. పసుప్పచ్చ చీర, ఎర్ర అంచు. నోము పడతానంది.

మొగుడి ఆయుష్షు కోసం పట్టే నోము అది, ఆ సావిత్రి చీర మొగుడి చేతి మీదుగానే రావాలి. మా ఊళ్ళో పసిపిల్లకైనా తెలిసిన విషయం. నేనేం అనుకుని ఉంటానో మీరే ఆలోచించండి. అల్లుడి మనసు మారింది, చీర పంపాడు అనుకున్నాను. దాన్ని అడుగుదామంటే భయం. అడిగితే మళ్ళీ నెలల తరబడి నోరు మూసుకుంటుందేమోనని. అందుకని దాన్ని అడగలేదు. అది స్నానానికి వెళ్ళినప్పుడు వాళ్ళ అత్తగారికి ఫోన్ చేశాను.

తెల్లారేసరికి మా నడవాలో సన్నికల్లు కడిగి, పసుపు పూసి, కుంకుమ పెట్టి, చిన్న గుడ్డ చుట్టి సావిత్రమ్మని చేశారు. ఎదుట మామిడిపళ్ళు, పనసతొనలు, తాటిముంజెలు, లిచీలు, నానబెట్టిన పెసరపప్పు. సందులో ఆడవాళ్ళంతా మా ఇంట్లోనే చేస్తారు, మా నడవా పెద్దది కాబట్టి. మా ఆయన పోయాక ఆ పీటల మీద నాకు చోటు లేదు. గడప ఇవతల కూర్చుని ఎవరికి ఏం కావాలో అందిస్తుంటాను.

ఝరణా కొత్త చీర కట్టుకుని, కాళ్ళకి పారాణి పెట్టుకుని వచ్చింది. చేతినిండా ఎర్రగాజులు. పెళ్ళినాడు కూడా అది అంత నిదానంగా నడవలేదు. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మంచి జరిగితే కూడా నాకు ఏడుపే వస్తుంది, దాని వెనకాల ఏం వస్తుందోనని.

పక్కింటి టుకునా వాళ్ళమ్మ నోరు ఊరుకుంటుందా.

"ఏమమ్మా ఝరణా వాళ్ళమ్మా, చీర పూణే నుంచి వచ్చిందా, చౌధురీ బజార్ నుంచి వచ్చిందా?"

"ఎక్కణ్ణుంచి వస్తే నీకేం? నీ చీర మీ ఆయన కొన్నాడా, ఆయన జేబులోంచి తీసి నువ్వే కొనుక్కున్నావా?"

అందరూ నవ్వారు. ఆవిడ కూడా నవ్వింది. "జేబులోంచి నేనే తీశాననుకో. ఇచ్చేటప్పుడు మాత్రం ఆయన చేత్తోనే ఇప్పించుకున్నాను. నిద్రపోతున్న మనిషిని లేపి మరీ. డబ్బెవరిదైతేనేం తల్లీ, చెయ్యి ఎవరిదన్నది లెక్క."

ఆ మాటకి ఝరణా తలెత్తి ఆవిడ వంక చూసింది. అప్పుడు నాకేమీ తట్టలేదు.

మొగుడు ఊళ్ళో లేనివాళ్ళు ఫొటో పెట్టుకుంటారు. నేను పెట్టె అడుగునుంచి వాళ్ళ పెళ్ళి ఫొటో తీసి, తుడిచి, తెచ్చి సన్నికల్లు పక్కన ఆనించాను. ఝరణా దాన్ని తీసి నా చేతికిచ్చింది.

"లోపల పెట్టెయ్యమ్మా. ఎండకి వెలిసిపోతుంది."

"వెలిసిపోతే పోయిందిలే. మనిషే వస్తాడేమో, ఎవరు చూడొచ్చారు. పండక్కని పూణే నుంచి ఇంటికొచ్చాడట. నిన్న మీ అత్తగారికి ఫోన్ చేశాను."

పూలు విడదీస్తున్న దాని వేళ్ళు ఆగిపోయాయి. "ఏమని చేశావు?"

"చీర అందింది వదినగారూ, చాలా బావుంది అని."

"ఆవిడేమంది?"

"ముందు 'ఏ చీర?' అంది. అదేనండీ ఎర్ర అంచుది అన్నాను. పక్కనున్న ఎవరితోనో ఏదో అంది. ఆ తర్వాత 'ఆఁ, ఆఁ, కట్టుకోమను' అంది. వయసైపోయింది కదే, మరిచిపోయి ఉంటుంది."

ఝరణా నా మొహం వంక చూసిన చూపు నేను మరచిపోలేను. కోపం కాదు. జాలి.

"అమ్మా, ఆ చీర వాళ్ళు పంపలేదు. నా జీతంతో నేనే కొన్నాను."

నాకు ఒక్క క్షణం ప్రాణం లేచొచ్చింది. అంతేనా, సరదాపడి కొనుక్కుందా, పోనీలే అనుకున్నాను. కానీ టుకునా వాళ్ళమ్మ మాట చెవిలోనే ఉంది.

"ఎవరి చేతి మీదుగా తీసుకున్నావే?"

అది గొంతు తగ్గించింది. "కార్ఖానా ఆయన చేతి మీదుగా."

కార్ఖానాలో అందరూ నిరాకార్‌ని భాయినా అంటారు, అన్నయ్యా అని. చేరిన కొత్తలో ఇదీ అనేది. భాయినా ఇలా అన్నాడు, భాయినా అలా అన్నాడు అని. ఆ పిలుపు ఎప్పుడు మానేసిందో నేను గమనించనేలేదు. దాని వేళ్ళ మీద యాసిడ్ మచ్చలేమైనా ఉన్నాయా అని ప్రతి సాయంత్రం చూసిన నేను, దాని నోట్లోంచి ఒక మాట రాలిపోయిందని చూసుకోలేదు.

అంతలో మా సందులో నోము కథ చెప్పే పెద్దామె కథ మొదలుపెట్టింది. సత్యవంతుడు కట్టెలు కొట్టడానికి అడవికి బయల్దేరాడు. కథ మధ్యలో నోము పట్టినవాళ్ళు లేవకూడదు. ఝరణా చేతులు జోడించుకుని కూర్చుంది. నాకు నోము లేదుగా. చెప్పులేసుకుని బయటపడ్డాను.

మా సందు చివర దారి రెండుగా చీలుతుంది. ఎడమకి వెళితే కార్ఖానా, కుడికి వెళితే కాఠజోడి ఏరు. ఝరణా వచ్చిన రోజునుంచీ ఆ చీలిక దగ్గరికి రాగానే నా కాళ్ళు ముందు కుడివైపు లాగుతాయి, అక్కడ జనం ఎవరైనా గుమిగూడారేమో చూద్దామని. ఆ పూట ఎడమకి తిరిగాను.

కార్ఖానాలో ఎవరూ లేరు. పెళ్ళాలున్నవాళ్ళంతా నోము అయ్యాక వాళ్ళ చేత కాళ్ళు కడిగించుకోడానికి ఇళ్ళకి పోయారు. నిరాకార్ ఒక్కడే ముక్కు మీదకి కళ్ళజోడు జార్చుకుని ఆకురాయితో ఏదో అరగదీస్తున్నాడు. నలభై దాటిన మనిషి, పెళ్ళి చేసుకోలేదు, ఎందుకని ఎవరూ అడగడం కూడా మానేశారు. నన్ను చూడగానే లేచి నిలబడ్డాడు. నన్ను మావుసీ అంటాడు, పిన్నీ అని.

"రండి మావుసీ. ఝరణా బాగానే ఉందా?"

"బాగుంటే నేనెందుకొస్తాను?"

"కూర్చోండి. మంచినీళ్ళు..."

"కూర్చోడానికి రాలేదు నిరాకార్ బాబూ. చీర మీ చేత్తో ఇచ్చారా?"

"ఇచ్చాను."

"ఏమనుకుని ఇచ్చారు? పండక్కి పనివాళ్ళకి పంచే చీరనుకున్నారా?"

"లేదు మావుసీ. నేనూ కటక్‌లోనే పుట్టాను."

నాకు ఒళ్ళు మండిపోయింది. తెలియక ఇచ్చానంటే తిట్టి పోదామని వచ్చినదాన్ని. తెలిసి ఇచ్చినవాణ్ణి ఏమనాలి? 'మీరు' అనే మర్యాద నా నోట్లోంచి జారిపోయింది.

"తెలిసే ఇచ్చావా? దానికి మొగుడున్నాడు."

"ఉన్నాడు."

"నీకు ఊళ్ళో పరువుంది."

"కొంచెం."

"ఈ సంగతి పూజా కమిటీ వాళ్ళ చెవిన పడితే, దసరాకి అమ్మవారి వెనక వెండి మకరతోరణం పని నీకిస్తారా?"

"ఇవ్వకపోవచ్చు."

"నవ్వకు!"

"నవ్వడం లేదు మావుసీ. భయమేస్తే నా మొహం ఇలాగే ఉంటుంది."

అప్పుడు చూశాను. చేతిలో ఆకురాయి బల్ల మీద పెట్టి, చెమటపట్టిన అరచెయ్యి ధోతీకి తుడుచుకున్నాడు. నాకు కూర్చోవాలనిపించింది, కూర్చున్నాను. కూర్చున్నాక అసలు భయం బయటికొచ్చింది.

"బాబూ, నువ్వు మగాడివి. రేపు నీ బుద్ధి మారుతుంది. తప్పనను, ఎవరికైనా మారుతుంది. నీకు కార్ఖానా ఉంది, నలుగురున్నారు. దానికి ఆ వేళ్ళు తప్ప ఏమున్నాయి? అది మళ్ళీ విప్పడం మొదలుపెట్టిందంటే ఈసారి దేన్ని విప్పుకుంటుందో అని నాకు భయం. ఇక్కడ వెండి కడిగే యాసిడ్ ఉంది. రోజూ అది ఇంటికొచ్చేదాకా నాకు ముద్ద దిగదు."

"యాసిడ్ అలమారాలో తాళం వేసి ఉంటుంది మావుసీ. ఝరణా చేరిన రోజునుంచి." చొక్కా కొంచెం పైకెత్తి చూపించాడు. మొలతాడుకి తాళంచెవి వేలాడుతోంది. "పనివాళ్ళు నవ్వుతారు, భాయినాకి పెళ్ళాం లేకపోయినా తాళంచెవి వచ్చిందని."

నాలాంటి మనిషి ఇంకొకడు ఈ ఊళ్ళో ఉన్నాడని నాకు తెలియదు. ఇంతకాలం ఆ భయం నా ఒక్కదానిదే అనుకున్నాను.

అతను సొరుగు లాగి దూది పొర విప్పి ఒక వస్తువు నా ముందు పెట్టాడు. వెండి పడవ. నా బొటనవేలంత ఉంటుంది. కార్తీక పున్నమికి మేము అరటి దొప్పల పడవలు ఏట్లో వదులుతాం చూడండి, అలాంటిదే, పైన తెరచాపతో.

"మొదట్లో ఆమెకి ఏం పనివ్వాలో తెలియలేదు. ఎవరు ఏది అల్లిపెట్టినా మధ్యాహ్నానికి విప్పేసేది. పనివాళ్ళు గోల. పంపించెయ్యి భాయినా అన్నారు. సరే, విప్పడానికే ఏదో ఒకటి చేసిస్తే పోలా అనిపించింది. ఈ పడవ అల్లి, టంకం పెట్టకుండా ముందు పెట్టాను. తెరచాప విప్పేసింది. పడవ ముట్టుకోలేదు. తీగ సాపు చేసి మళ్ళీ అల్లి పెట్టాను. మళ్ళీ విప్పింది. నేను అల్లడం, ఆమె విప్పడం. మా ఇద్దరికీ అవే మాటలు మావుసీ. వేరే ఏం మాట్లాడుకోలేదు."

"విప్పిందానికి కోపం రాలేదా?"

"ఒకసారి వచ్చింది. 'ఎందుకిలా చేస్తావు?' అని గట్టిగా అడిగాను. 'గాలి లేదు కదా, తెరచాపెందుకు?' అంది. మళ్ళీ అడగలేదు." కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "చలికాలం పోయే ముందు ఒకనాడు నేను తెరచాప అల్లలేదు. చేతికి దెబ్బ తగిలింది. ఆ సాయంత్రం చూస్తే ఆమే అల్లింది. వంకరగా ఉంది, చూడండి. తెచ్చి నా ముందు పెట్టి, 'దీనికి టంకం పెట్టండి' అంది."

నేను పడవని వేలితో తాకాను. తెరచాప నిజంగానే ఒక పక్కకి ఒరిగి ఉంది.

"టంకం పెట్టాక ఇక విప్పలేం మావుసీ. అది ఆమెకీ తెలుసు. మంట ఊదుతుంటే పక్కనే నిలబడి చూసింది. ఆ రోజునుంచి దేన్నీ విప్పలేదు."

ఇంట్లో కూడా విప్పడం మానేసిందని నేను సంతోషించాను, కాళీమాతకి కొబ్బరికాయ కొట్టాను. ఎవరి చేతిలో మానిందో అడగలేదు.

"మరి చీర?" అన్నాను.

"చీర తెచ్చి చేతికిచ్చింది. తిరిగి నాకివ్వండి అంది. నేను ఇవ్వలేదు. నీకు జీతమిచ్చేది నేనే, చీరా నేనే ఇస్తే రేపు నువ్వు కాదనాలనుకున్నా కాదనలేవు అన్నాను. ముందు ఇంకో కార్ఖానాలో చేరు, నేనే మాట్లాడతాను, అక్కడ కుదురుకున్నాక అప్పటికీ ఇదే మనసుంటే అడుగు అన్నాను."

"అదేమంది?"

"'అక్కడ విప్పడానికి వెండి ఎవరిస్తారు?' అంది." ఈసారి అతను నిజంగానే నవ్వాడు. వెంటనే సర్దుకున్నాడు. "తర్వాత, 'నేను కాదనగలను. మా అత్తవారింట్లో నాకు మిగిలింది ఆ కాదనడం ఒక్కటే' అంది. ఆ మాటకి ఇచ్చాను."

నేను లేచాను. ఔననలేదు, కాదనలేదు. గుమ్మం దగ్గర ఒక్కటే అడిగాను. ఆడదాన్ని కదా, అడక్కుండా ఉండలేకపోయాను.

"కథ అయ్యాక పళ్ళెం పట్టుకుని ఇక్కడికొస్తుంది. కాళ్ళకి మొక్కుతుంది. ఊరంతా చూస్తుంది. ఏం చేస్తావు?"

"పళ్ళు ఇద్దరం తింటాం. కాళ్ళు మాత్రం చాపను మావుసీ."

ఎండ మాడ్చేస్తోంది. కొంగు నెత్తిన వేసుకుని నడుస్తున్నాను. వెళ్ళేటప్పుడు ఏం అడగాలని వెళ్ళానో అది అడగలేదు. రేపటినుంచి రావద్దని దానితో చెప్పు అని అడగాలి. ఆ మాట ఎక్కడ పడిపోయిందో. వంకర తెరచాప కళ్ళ ముందు ఆడుతోంది. ఇంతలోనే టుకునా వాళ్ళమ్మ నోరు, అత్తవారి బంధుబలగం, పోలీసులు, పేపర్లో వార్త, అన్నీ వరసగా కళ్ళ ముందుకొచ్చాయి. నా బుర్ర ఎప్పుడూ ఇంతే, మంచిదాన్ని కాసేపు కూడా కూర్చోనివ్వదు.

ఇంటి ముందు ఒక మోటారుసైకిలు ఆగి ఉంది. కేంద్రాపడా దుమ్ముతో.

నడవాలో కథ అయిపోయింది. ఎవరూ ఇళ్ళకి పోలేదు. మా ఆయన కూర్చునే కుర్చీలో గదాధర్ కూర్చుని ఉన్నాడు. ఒళ్ళు చేశాడు, జుట్టుకి రంగు వేశాడు. కాళ్ళు రెండూ ముందున్న పీట మీద చాపాడు. టుకునా వాళ్ళమ్మ ఇత్తడి చెంబులో నీళ్ళు తెచ్చి ఝరణా చేతికి అందించింది. పాపం ఆవిడ మంచే అనుకుంది. ఆడవాళ్ళందరి మొహాలూ వెలిగిపోతున్నాయి. సావిత్రమ్మ మహిమ కళ్ళారా చూస్తున్నామని.

"రండి అత్తయ్యా, మీకోసమే చూస్తున్నాం," అన్నాడు. "నేను పంపిన చీర నచ్చిందని అమ్మకి ఫోన్ చేశారట. అందుకే పని మానుకుని వచ్చాను. బావుంది కదా? రంగు నేనే ఏరాను."

చిరునవ్వుతో అబద్ధమాడుతున్నాడు. కళ్ళు మాత్రం నా మొహం మీదే ఉన్నాయి. ఏ చీరో, ఎవరిదో తెలుసుకోడానికే వచ్చాడని అర్థమైంది. ఇక్కడ నేను ఔనంటే సందు మొత్తం చప్పట్లు కొడుతుంది. నా కూతురి పరువు నిలుస్తుంది. అతను దాన్ని బండెక్కించుకుని పోతాడు.

"చెప్పండి అత్తయ్యా. చీర ఎవరిచ్చారు?"

ఝరణా చెంబు పట్టుకుని నిలబడి ఉంది. నా వంక చూడటం లేదు. దాని రెండో చెయ్యి చీర అంచు మీద ఉంది. వేళ్ళు మెల్లగా కదులుతున్నాయి. చలికాలం తర్వాత మొదటిసారి అవి పోగు కోసం వెతుకుతున్నాయి. ఎర్ర అంచులో ఒక దారం కొస పైకి లేచింది.

నేను నోరు తెరిచాను.

"ముందు ఆ కాళ్ళు పీట మీంచి తియ్యి బాబూ," అన్నాను.

ఎవరో కిసుక్కుమని, వెంటనే ఆపేసుకున్నారు. గదాధర్ మొహం మీద నవ్వు అలాగే ఉంది గానీ కాళ్ళు కదల్లేదు.

"తీస్తాను. తీశాక ఈ పీట మీద ఎవరి కాళ్ళు పెట్టిస్తావు అత్తయ్యా?"

నడవాలో ఒక్కసారిగా గోల రేగింది. టుకునా వాళ్ళమ్మ నా భుజం పట్టుకుని కుదిపింది, "ఏమంటున్నాడే, ఏమంటున్నాడు?" అని. ఆవిణ్ణి విడిపించుకుని నేను అతనికి జవాబు చెప్పబోయాను. అప్పుడు చూశాను. చెంబు నేల మీద బోర్లా పడి ఉంది. నీళ్ళు గడప దాకా పారాయి. ఝరణా లేదు. సావిత్రమ్మ ముందున్న దాని పళ్ళెమూ లేదు.

పరుగెత్తాను. తడికాళ్ళతో నడిచినట్టుంది, సందు పొడుగునా ఎర్రటి పారాణి అడుగులు. దారి చీలేదాకా స్పష్టంగా కనిపించాయి. అక్కడికి వెళ్ళేసరికి మాత్రం నేల పొడిగా ఉంది. ఎడమవైపు ఎండ, కుడివైపు ఎండ. ఆ ఎండకి అడుగులు ఎటువైపు తిరిగాయో తెలియకుండా ఆరిపోయాయి.